ఇరవై నాలుగో సంచి

“నేనిచ్చిన రక్తం ఎవరికీ ఎక్కించకండమ్మా.”

బ్లడ్ బ్యాంకు కిటికీ అద్దానికి అవతల నిలబడి ఆ మనిషి అన్నాడు. ముక్కూ నోరూ మూసేలా తువ్వాలు కట్టుకున్నాడు. చేతుల నిండా పెయింటు చుక్కలు.

లోపలున్న టెక్నీషియనమ్మ తలెత్తలేదు. ఊపిరి తీసే ఆ మాయదారి వైరస్ వచ్చాక రక్తం ఇచ్చేవాళ్లు నల్లపూసలైపోయారు. ఉన్న పది సంచుల్ని ఎంతమందికి సర్దాలో తెలియక ఆమె సతమతమవుతోంది.

“ఇచ్చాక వెనక్కి అడగడానికి ఇదేమన్నా పక్కింటికిచ్చిన పంచదారా?” అంది.

“అది కాదమ్మా. ఇచ్చిన మూడోరోజు జ్వరమొచ్చింది. పద్నాలుగు రోజుల్లో జ్వరమొస్తే చెప్పమన్నారు కదా. రెండ్రోజుల్నుంచి ఫోన్ చేస్తున్నా. ఎప్పుడు చేసినా ఎంగేజే.”

ఎంగేజే వస్తుంది మరి. మంచాలు ఖాళీ ఉన్నాయా అంటూ జనం ప్రాణం తీస్తుంటే, విసుగొచ్చి రిసీవరు తీసి పక్కన పెట్టింది ఆమే.

అతను దగ్గాడు. ఎంతకీ ఆగలేదు. మధ్యలో అద్దం ఉన్నా ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

“సంచి నంబరు?”

అతను చీటీని అద్దానికి ఆనించాడు.

ఆమె ఆ నంబరు రెండుసార్లు చదివింది. రేపు పొద్దున తన కొడుక్కి ఎక్కించాల్సిన సంచి అది.

వాడికి ఏడేళ్లు. మూడు నెలలకోసారి రక్తం ఎక్కిస్తేనే లేచి తిరుగుతాడు. వాడి గ్రూపు దొరకడం గగనం. అయినా ఆరేళ్లుగా ఎక్కడినుంచో ఒక సంచి వేళకు అందుతూనే ఉంది. సంచి మీద నంబరే తప్ప పేరుండదు. రక్తం తీసేది పై అంతస్తులో, పేర్లన్నీ అక్కడి బీరువాలో ఉంటాయి, వాటిని కిందివాళ్లు చూడకూడదన్నది నియమం. ఇంట్లో ఒక నోటుబుక్కులో మాత్రం ప్రతి సంచి నంబరూ ఉంది. మొదట్లో ఆమె రాసేది, ఇప్పుడు పిల్లాడే రాసుకుంటున్నాడు. వాడు పైకి చదువుతుంటే విని విని ఆమెకూ అవి కంఠతా వచ్చేశాయి.

“పెద్దయ్యాక వీళ్లందరికీ థాంక్స్ చెప్పాలమ్మా” అంటాడు.

ఆ సంచే ఎక్కించనివ్వమని ఆమె పరుగున వెళ్లి పెద్ద డాక్టర్ని బతిమాలింది.

“ఈ వైరస్ రక్తం ద్వారా అంటినట్టు ఇంతవరకూ తేలలేదమ్మా” అన్నాడాయన. “కానీ నియమం నియమమే. నీ కొడుకైనా, ఇంకొకరి కొడుకైనా ఒకటే. ఆ సంచి పక్కన పెట్టెయ్.”

ఆమె ఆ సంచి మీద ఎర్రగీత కొట్టింది. కోపమంతా పట్టుకుని కిటికీ దగ్గరకొచ్చింది.

“ఒంట్లో రోగం పెట్టుకుని రక్తమెందుకిచ్చావు? దానికోసం ఓ పిల్లాడు కాచుక్కూచున్నాడు, తెలుసా?”

అతను తల దించుకున్నాడు.

“పిల్లాడా? అయ్యో. నయమవగానే మళ్లీ వచ్చి ఇస్తానమ్మా.”

“నీకో దండం. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు.”

“సరేనమ్మా” అని వెనుదిరిగాడు. మెట్ల మీద కాసేపు కూలబడి, ఊపిరి కూడదీసుకుని లేచాడు.

“బస్సెక్కితే నలుగురికీ అంటుతుందని ఊరి అవతల్నుంచి నడిచొచ్చాడంట మేడమ్” అన్నాడు గుమ్మం దగ్గరి గార్డు.

ఆమె రిసీవరు అందుకుని తెలిసిన బ్లడ్ బ్యాంకులన్నిటికీ ఫోన్లు కలపసాగింది.

వేరే ఊరి నుంచి ఇంకో సంచి తెప్పించేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ పిల్లాడు మంచం దిగలేదు. వాడి తెల్లబడ్డ పెదవులు చూసినప్పుడల్లా ఆమె ఆ దగ్గుమనిషిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

నెల తరువాత పెద్ద డాక్టరు పై అంతస్తు నుంచి ఒక కార్డు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

“ఈ దాత పోయాడట. ఆ వైరస్సే. అతనిచ్చిన సంచుల నంబర్లు సరిచూసి కార్డు మూసెయ్.”

వృత్తి అన్నచోట పెయింటర్ అని ఉంది. చిట్టచివరి నంబరు ఆమె ఎర్రగీత కొట్టిందే.

‘పాపం, ఆ దగ్గుమనిషి’ అనుకుంది. నాలుగు మంచి మాటలు చెప్పి పంపాల్సిందేమో అనిపించి కళ్లు చెమర్చాయి.

సంతకం పెట్టబోతూ, సరిచూడాలి కదా అని మొదటి నంబరు నుంచి చదవడం మొదలుపెట్టింది.

ఆ ఎర్రగీత నంబరుకు పైన ఇరవైమూడు ఉన్నాయి. ఇరవైమూడూ ఆమె కొడుకు నోటుబుక్కులో ఉన్నవే.