మబ్బు తుడిచే ఫంక్షన్

డ్రైవర్లు లేని లారీలు పటాన్ని నమ్మి నడుస్తాయి. పటంలో సరుకు కనిపించకపోతే గేటు కూడా దాటవు. అందుకే తవిటమ్మ పొద్దున్నే ఉప్పు మడుల్లోంచి మ్యాప్ ఆఫీసుకు వీడియో కాల్ చేసింది.

"ఏటమ్మా ఇది? పదిహేను కుప్పల ఉప్పు నా కళ్ళెదురుగా ఉంటే, మీ పటంలో మడుల నిండా నీళ్ళే ఉన్నాయంట! సాయంత్రం వానంటన్నారు. ఏడాది కష్టం కరిగిపోతాది."

ఆఫీసులో కాల్ అందుకున్న హైమవతి, ఉపగ్రహం పంపిన చిత్రాలు తెరిచింది. వచ్చిన చిత్రంలో కుప్పలు తెల్లగా మెరుస్తున్నాయి. పటంలోకి చేరేసరికి మాయం. మధ్యలో ఉన్నది మబ్బు తుడిచే ఫంక్షన్, ఓ చిన్న ప్రోగ్రామ్ ముక్క. అది తెల్లటి కుప్పలను మబ్బులనుకుని తీసేసి, అక్కడ కిందటి వానాకాలం చిత్రం అతికిస్తోంది. మూడేళ్ళ కిందట దాన్ని రాసి ఆఫీసులో శాలువా కప్పించుకున్నది హైమవతే.

"తప్పు నాదే, పిన్నీ," అంది. ఆ మడుల చిత్రాలకు మాత్రం ఆ ఫంక్షన్ తీసేసి, పటం మళ్ళీ తయారుచేయించింది.

మూడింటికి తవిటమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "ఆఖరి కుప్ప కూడా లారీకెక్కించీసినాం తల్లీ. ఇంక వానొస్తే రానీ!"

మర్నాడు పటంలో ఖాళీ మడుల మీద పెద్ద మబ్బు అడ్డంగా పడి ఉంది.

"ఇదేమిటి, తుడవలేదా?" అని విసుక్కున్నాడు పై అధికారి.

"అది నిజం మబ్బేనండీ. ఉండనివ్వండి," అంది హైమవతి, తీరిగ్గా టీ గ్లాసు అందుకుంటూ.