కథీడ్రల్‌లో ఒక్క కొవ్వొత్తి

“ముందు ఆ కొవ్వొత్తి అక్కడ పెట్టెయ్ లూసీ!”

షాలేం రాజు గొంతు తగ్గించే అన్నాడు. కానీ ఆ కథీడ్రల్ కప్పు ఎంత ఎత్తుందో, మాట అంత పైకీ వెళ్ళి తిరిగి వచ్చింది. ముందు వరసలో మోకరించి ఉన్న తెల్లావిడ తల తిప్పి చూసింది.

లూసీ కొవ్వొత్తి వదల్లేదు. “ఒక్కటేనండీ. మీ ఉద్యోగం కోసం.”

“కొవ్వొత్తి వెలుతురు లేకపోతే దేవుడికి నా రెజ్యూమె కనపడదా?”

“వెటకారం ఎందుకండీ? లేఆఫ్ అయి నలభై ఆరు రోజులైంది. అరవై దాటితే అమెరికాలో వీసా ఉండదు, సామాను సర్దుకోవాల్సిందే. నాకు నిద్ర పట్టట్లేదు.”

“పట్టకపోతే ప్రార్థన చేసుకో. అంతేగానీ క్యాథలిక్కుల్లా బొమ్మల ముందు ఇవన్నీ ఏంటి? నేను సంఘపెద్దని. పార్సిప్పనీలో మన సంఘం వాళ్ళకి తెలిసిందంటే ఆదివారం చర్చిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? వచ్చింది అమ్మాయి స్కూల్ ప్రాజెక్ట్ కోసం. ఫొటోలు తీసుకుని పోదాం పద.”

లూసీ కొవ్వొత్తిని పెట్టెలో పెట్టేసి, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. మొగుడి వైపు చూడలేదు.

ఏడో తరగతి చదివే షారన్‌కి ఇవేమీ పట్టలేదు. మెడ వెనక్కి వంచి కప్పు వైపే చూస్తోంది.

“డాడీ, ఆ ఆర్చ్ చూడు. పైన షార్ప్‌గా ఉంది కదా? అందుకే వాల్స్ మీద వెయిట్ తక్కువ. సో, విండోస్ అంత పెద్దగా పెట్టారు.”

రాజు చూశాడు. కిటికీల రంగుటద్దాల్లోంచి ఎండ దిగి, రాతినేల మీద ఎరుపూ నీలమూ మరకలు వేసింది. బాగుందనిపించింది.

“ఇది కట్టినప్పుడు ఈ ఓల్డ్ టౌన్‌లో అందరూ ఇమిగ్రెంట్సే డాడీ. ఫ్యాక్టరీ వర్కర్స్. వాళ్ళకి ఏమీ లేదు. బట్ స్టిల్, ఇది కట్టారు.”

“వాళ్ళకి వీసా గొడవ లేదమ్మా,” అన్నాడు రాజు.

అప్పుడే జేబులో ఫోన్ వణికింది. ఇర్వింగ్ కంపెనీ నుంచి మెయిల్. నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూలు అయ్యాయి అక్కడ. చివరి రౌండ్‌లో మేనేజరు, ఎప్పుడు జాయిన్ అవ్వగలవని కూడా అడిగాడు. ఆ ఒక్క మాట పట్టుకునే వారం రోజులుగా బతుకుతున్నాడు రాజు.

మెయిల్ తెరిచాడు. మీ అనుభవం మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది, అయితే... ఆ ‘అయితే’ దగ్గరే ఆగిపోయాడు. తర్వాత ఏముంటుందో ఈ నలభై ఆరు రోజుల్లో అతనికి కంఠతా వచ్చేసింది.

“ఎవరండీ?” అంది లూసీ.

“ఏదో యాడ్. బాత్‌రూమ్‌కి వెళ్ళొస్తా, ఇక్కడే ఉండండి.”

కాళ్ళు అతన్ని బాత్‌రూమ్ వైపు తీసుకెళ్ళలేదు. పక్క నడవలో, లావుపాటి రాతి స్తంభం చాటున చిన్న గూడు ఉంది. అందులో చేతికర్ర పట్టుకుని, భుజం మీద పసివాణ్ణి ఎక్కించుకుని, ఏరు దాటుతున్న ఒక పెద్దాయన విగ్రహం. కింద వరసగా చిన్న చిన్న కొవ్వొత్తులు. చుట్టుపక్కల ఎవరూ లేరు. బెంచీ దగ్గర నుంచి చూస్తే ఈ గూడు కనపడదు. ఆ సంగతి రెండుసార్లు వెనక్కి వెళ్ళి మరీ చూసుకున్నాడు.

ఒక కొవ్వొత్తి తీశాడు. పక్కన వెలుగుతున్నదాని నుంచి అంటించబోతే తొందరలో అదీ ఆరిపోయింది. ఇంకోదాని నుంచి అంటించాడు. ఈసారి వెలిగింది.

“ప్రభువా, తప్పయితే క్షమించు,” అన్నాడు కళ్ళు మూసుకుని. “ఈయనెవరో నాకు తెలీదు. నేను అడిగీ అడిగీ అలిసిపోయాను. నా మాట నీదాకా రావట్లేదేమోనని ఈయనతో చెప్పి పంపుతున్నాను. లూసీకి ఏం చెప్పాలో తెలీట్లేదు ప్రభువా. ఒక్క ఉద్యోగం.”

మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోలేదు.

భుజం మీద ఎవరిదో చెయ్యి పడింది.

లూసీ అనుకుని తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే బిగుసుకుపోయాడు. టోపీ కనుబొమల దాకా లాక్కుని నిలబడి ఉన్నారు తమ తెలుగు సంఘం పాస్టర్ గారు. వారమంతా తనలాగే కంప్యూటర్ ముందు కోడింగ్ చేసుకుంటూ, మొన్న ఆదివారం మాత్రం విగ్రహారాధన మీద గంటన్నర ప్రసంగించి, పిల్లల్ని కూడా ఏడిపించిన మనిషి.

“వందనాలు పాస్టర్ గారూ... అది... షారన్ స్కూల్ ప్రాజెక్ట్...” ఆదివారం సంఘమంతటి ముందూ తన పేరు పిలవడం రాజుకి అప్పుడే చెవుల్లో వినిపించింది.

పాస్టర్ గారు కొవ్వొత్తి వైపు చూశారు. విగ్రహం వైపు చూశారు. మొహం చిట్లించారు.

“ముందు అది ఆర్పెయ్యండి బ్రదర్!”

రాజు ఉఫ్‌మని ఊదేశాడు.

పాస్టర్ గారు అటూ ఇటూ చూసి, అతని చెవి దగ్గరికి వంగారు. “ఉద్యోగాలకి ఆ మూల ఉన్నాయన బ్రదర్, నాకు రెండుసార్లూ అక్కడే వచ్చింది. ఈయన ప్రయాణాలకి. అడిగారంటే టికెట్ తీసి మరీ ఇండియా పంపించేస్తాడు!”