ఎలుక కొరికిన వైరు

"అమ్మాయి పరీక్షల ముందే ఎలుక కొరికేసిందయ్యా," అంటూ తెనాలి కంప్యూటర్ షాపులో పాత అడాప్టర్ బల్లమీద పెట్టాను. పక్కనే మా శ్రుతి ఉంది.

షాపతను అమృతలూరులో నా దగ్గర చదివినవాడే. అడాప్టర్ తిప్పి దానిమీది అంకెలు చూశాడు.

"గేమింగ్ లాప్‌టాప్‌ది మాస్టారూ. పాతదైనా నూట ఎనభై వాట్లు కావాలండి. అరవై అయిదు పెడితే టైపింగ్‌కి సరిపోద్ది గానీ, గేమ్ పెడితే లాగలేదు."

"అయితే ఆ అరవై అయిదుదే ఇవ్వు," అన్నాను ఠక్కున.

 శ్రుతి ట్యూషన్లు చెప్పి తనే కొనుక్కున్న లాప్‌టాప్ అది.

అతను వైరు తెగినచోట వేలితో తడిమాడు. "ఎలుక కొరికితే ఇంత నున్నగా తెగదండి. కత్తెరతో కోసినట్టుంది."

అబద్ధం చెప్పాడని ఒకసారి ఇతన్నే బెంచీ ఎక్కించాను. నా చెవులు వేడెక్కాయి.

"ఎలుకేనండి," అంది శ్రుతి. "నేను చూశాను."

నావైపు తిరగలేదు. గొంతులో కోపం కూడా లేదు.

"పెద్దదే ఇవ్వు నాయనా," అన్నాను. నిన్న రాత్రి కత్తెర పట్టిన చెయ్యి మాత్రం జేబులోంచి బయటికి తీయలేకపోయాను.