పదకొండు గొడుగులు

ఎండాకాలంలో ఆరుబయట బడి పిల్లలను తమ నీడలు గీయమంటే పదకొండు మందీ గుండ్రటి సున్నాలే గీశారు. ప్రతి పిల్లవాడి నెత్తిమీదా, టీచరు నెత్తిమీదా ఒక గొడుగు ఎగురుతూ ఉంటుంది. కాలికి కట్టిన పట్టీ ఎటు పోతే అదీ అటే పోతుంది; పట్టీ ఎక్కడుందో పైఆఫీసుకూ కనిపిస్తుంది. సుంకులమ్మ టీచరు ఆ బొమ్మలన్నీ తీసి దాచిపెట్టింది.

మృగశిర కార్తెలో తొలివాన మొదలైంది.

"వానంటే ఏంది, చెప్పండి?" అని అడిగింది టీచరు.

నాలుగేళ్ల ఈరమ్మ తన గొడుగు వైపు వేలు చూపించింది. "టపటపా సప్పుడు!"

"ఇంగ చాలు. అందరి పట్టీలూ ఇప్పు మాబున్నీ," అంది సుంకులమ్మ.

ఆయా మాబున్ని రెండడుగులు వెనక్కి వేసింది. "పోయినేడు ఒక్క పిల్లోడు తడిసినాడనే కదా టీచరమ్మా, పక్కూరు టీచర్ను తీసేసినారు!"

"తీసేస్తే తీసేయనీ. ఆ గుంజ కాడి మేకనిట్ల పట్టుకో."

విప్పిన పట్టీలన్నీ తీసుకుని, గుంజకు కట్టేసి ఉన్న మేక మెడలో టీచరు దండలా వేసింది. పదకొండు గొడుగులూ తోసుకుంటూ వచ్చి మేక మీద కమ్ముకున్నాయి. వానంటే గిట్టని ఆ మేక హాయిగా నెమరు వేసుకోసాగింది.

పిల్లలు ముందు బిగుసుకుపోయారు. ఈరమ్మ మెల్లగా నాలుక చాపింది.

"టీచర్, సప్పుడు లేదు! సల్లగుంది!"

ఇక ఎవరూ ఆగలేదు.

పావుగంటకు పైఆఫీసు నుంచి ఫోను వచ్చింది. "ఏమ్మా, పిల్లలందరూ ఒకేచోట కదలకుండా ఉన్నట్టు కనిపిస్తోంది. ఇంత బుద్ధిగా ఏ బడిలోనూ లేరు! ఏం పాఠం చెప్తున్నారు?"

"వాన సార్," అంది సుంకులమ్మ, వంగి తన కాలి పట్టీ కూడా విప్పుకుంటూ.