పెద్దమనిషి మాట

"మీ వాంగ్మూలంలో ‘ప్రాబబ్లీ ఆ డ్రైవరే’ అని ఉంది మాస్టారూ. అంటే కచ్చితంగా తెలీదనేగా?" అన్నాడు ముద్దాయి తరఫు వకీలు.

సాక్షి బోనులో వేసిన కుర్చీలో మాస్టారు నిటారుగా కూర్చున్నారు. పెద్దాయన కదా అని కుర్చీ వేయించింది జడ్జిగారు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది కోడలు. ఆ హాల్లో జడ్జి మొదలు బంట్రోతు దాకా సగంమంది ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ళే. పుస్తకం తెరవకుండా పాఠం చెప్తారని ఆయనకి పేరు. వకీలైతే ఆయన చేత తొడపాశాలు కూడా తిన్నాడు.

కేసు చిన్నదేం కాదు. మాస్టారి ఇంటి ముందే బడికెళ్తున్న పిల్లని వ్యాను గుద్దేసి పోయింది. పిల్ల అక్కడికక్కడే ప్రాణం విడిచింది. ఆ వ్యాను నడిపేవాళ్ళు ఇద్దరు, జీతానికున్న డ్రైవరూ, ఓనరు బావమరిదీ. ఆరోజు తను సెలవులో ఉన్నానని డ్రైవరు మొత్తుకుంటున్నాడు. ఆ వేళకి మాస్టారు రోజూ వరండాలో కూర్చుంటారని అందరికీ తెలుసు గనక పోలీసులు తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళారు. వేరే సాక్షి లేడు.

మాస్టారు చిన్నగా నవ్వారు.

"ఆ మాట వయసెంతో నీకు తెలీదురా. లాటిన్‌లో ‘ప్రొబారే’ అంటే పరీక్షించడం. పరీక్షకి నిలిచింది ప్రాబబుల్. తర్వాత్తర్వాత పెద్దమనిషి ఒప్పుకున్న మాటే ప్రాబబుల్ అయింది. ఈ లెక్కలూ శాతాలూ నిన్నమొన్నటివి. ఆ రోజుల్లో ఫలానా ఆయన చెప్పాడంటే చాలు, ఇంక రుజువు అడిగేవాళ్ళు కారు."

జడ్జిగారు కూడా కలం ఆపి విన్నారు.

వకీలు రాసుకొచ్చిన ప్రశ్నలు ఇంకా పద్నాలుగున్నాయి. వరండాకీ రోడ్డుకీ దూరమెంత, ఎండ ఎటునుంచి పడుతోంది, వ్యాను రంగేమిటి. మాస్టారికి నేను పరీక్ష పెట్టడమా అనుకుని ఫైలు మూసేశాడు.

"ఆ మనిషిని చూపించండి మాస్టారూ, చాలు" అన్నాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"సరిగ్గా చూసి చెప్పండి బాబూ. నాకు ఇద్దరు పిల్లలు" అన్నాడు ముద్దాయి బోనులోంచి డ్రైవరు.

మాస్టారు అటు తిరిగి వేలు చూపించారు.

"ఇతనే."

గుమాస్తా కలం చేతికిచ్చి, చోటు చూపిస్తే సంతకం చేశారు. సంతకం గీత దాటి పక్కకి జారింది. పాపం వయసు మీదపడింది అనుకున్నాడు గుమాస్తా.

పదిహేను రోజులకి తీర్పు వచ్చింది. కోడలు రోజూలాగే పేపరు చదివి వినిపిస్తూ ఆ వార్త దగ్గర ఆగిపోయింది. డ్రైవరుకి ఏడేళ్ళు.

"చెప్పేద్దాం మామయ్యా. అతని భార్య రోజూ వచ్చి మన గేటు దగ్గర నిలబడి పోతోంది. నాకు అన్నం సయించడం లేదు."

"ఇప్పుడు చెబితే మొహాన ఉమ్మేస్తారు. ట్యూషనుకి ఒక్క పిల్లాడు రాడు. నలభై ఏళ్ళ పరువమ్మా ఇది." అన్నారు మాస్టారు. "పోలీసులు అడిగిన పూటే చెప్పాల్సింది. సిగ్గేసింది. వెళ్ళి తలుపు వెయ్యి."

కోడలు కళ్ళు తుడుచుకుని తలుపు వేసింది.

మాస్టారికి చూపు పోయి రెండేళ్ళయింది.