ఎదుటి పక్షం

"వాడేమన్నా కొత్తగా కూశాడా?" అన్నాడు దర్జీ, ఖాళీ మిషను తొక్కుతూనే.

"ఇంకా జవాబివ్వలేదు నాన్నా." కూతురు ఫోనులోంచి తలెత్తలేదు. తండ్రి కుట్టిచ్చిన చొక్కా చేతులు పైకి మడుచుకుని కూర్చుంది.

"పాతదే చదువు, పోనీ."

"ఒక చెయ్యి రెండు వేళ్ళు పొడుగు. ఆకుపచ్చ బట్టకి నీలం దారం. ఈ కొట్టుకి వెళ్ళకండి."

ఆ మూడు ముక్కలూ నెట్‌లో పడి నెలయింది. కొట్టులో హ్యాంగర్లన్నీ ఖాళీ. మొదట్లో మండిపడ్డ దర్జీకి ఇప్పుడు కోపం కూడా రావడం లేదు. పొద్దున్నే వచ్చి తలుపు తీస్తాడు, సాయంత్రం వేస్తాడు.

ఆన్‌లైన్ తగవుల చట్టం ఒకటుందని, దాని కింద ఫిర్యాదు పెట్టమని చెప్పింది కూతురే. ఆ చట్టం ప్రకారం రాసినవాళ్ళ పేరు బయటికి చెప్పరు. మధ్యవర్తి ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడుతుంది. ఇద్దరూ ఒప్పుకున్న షరతే తీర్పు.

మర్నాడు మధ్యాహ్నం మధ్యవర్తి నుంచి కబురొచ్చింది.

"కంటి డాక్టరు చీటీ చూపిస్తే రాసింది తీసేస్తారట నాన్నా."

మిషను ఆగింది.

"నన్ను గుడ్డివాణ్ణంటాడా? వీడు ఆ ఎదురు కొట్టువాడే. వాడి కత్తెర కన్నా నాలుకే పదును."

"ఏమో."

"మీ అమ్మ మూడేళ్ళు పోరితేనే వెళ్ళలేదు, చేతినిండా పని పెట్టుకుని ఆసుపత్రేంటని. వీడి కోసం వెళ్ళాలా?"

దర్జీ కాసేపు సూది కేసి చూశాడు. అది రెండుగా కనిపించింది.

"సరే. రేపే పోదాం. ఆ చీటీ వాడి మొహాన కొడదాం."

డాక్టరు దీపం వేసి రెండు కళ్ళూ చూసింది.

"శుక్లాలు బాగా ముదిరాయి. ఇంకో ఆర్నెల్లు ఆగుంటే కుడికన్ను దక్కేది కాదు. ఎల్లుండే ఆపరేషన్. నెల్లాళ్ళు పని మానుకోగలరా?"

"మానుకోవడానికి పనుంటే కదమ్మా," అన్నాడు దర్జీ.

కొట్టుకి తిరిగొచ్చాక కూతురు చీటీ ఫోటో తీసి ఫిర్యాదులో పెట్టింది. తండ్రి వేలు పట్టుకుని ‘సమ్మతం’ మీద ఆనించింది.

"సరిగ్గా పడిందా?"

"పడింది."

"వాడు మాట మీద నిలబడతాడంటావా?"

"నిలబడతారు నాన్నా."

దర్జీ మిషను మీద గుడ్డ కప్పి, తాళం కోసం తడుముకుంటూ బయటికి నడిచాడు. కూతురు వేళ్ళ మీదికి జారిన చొక్కా ఎడమ చేతి మడతను పైకి లాక్కుంది.

ఎదుటి పక్షం ఖాతా తెరిచి, అందులోనూ తనే ‘సమ్మతం’ నొక్కింది.