పాత ప్రొఫెసరుగారి సిఫారసు

"మీ ప్రొఫెసరుగారికి ఇప్పుడే ఫోన్ చేసి ఓ మాట కనుక్కుంటాం. అభ్యంతరం లేదుగా?" అన్నాడు ఇంటర్వ్యూ బల్లకు కుడివైపు కూర్చున్న బట్టతలాయన.

డాక్టరమ్మ అయిష్టంగానే లేదన్నట్టు తలూపింది. మరేం చేస్తుంది?

డాక్టరమ్మ అంటే మందులిచ్చే డాక్టరు కాదు. గుండె కణాల మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్న మనిషి. పట్టా వచ్చాక కూడా ఏటేటా పొడిగించే ఉద్యోగంలో ఆ ప్రొఫెసరు దగ్గరే నలుగుతోంది. పోతానన్నప్పుడల్లా ఆయన "ఈ ఒక్క ప్రయోగం కానీ అమ్మా" అనేవాడు. ఈ మెడికల్ కాలేజీలో చోటు దొరికితే మొగుడూ కూతురూ ఉన్న ఊళ్ళోనే ఉండొచ్చు. అందుకే పన్నునొప్పి అని సెలవు పెట్టి గుట్టుగా వచ్చింది. ఫోన్లు చేస్తే ఉద్యోగం ఖాయమయ్యాకే చేస్తారనుకుంది పిచ్చితల్లి.

బట్టతలాయన ఫోన్ బల్లమీద పెట్టి స్పీకరు నొక్కాడు. మధ్య కుర్చీలో ఉన్న పెద్దావిడ, ఆ విభాగానికి అధిపతి, మీరే మాట్లాడండి అన్నట్టు చెయ్యి ఊపి టీ కప్పు అందుకుంది.

"ఆ పిల్లా? మీ దగ్గరుందా?" అంది ఫోన్లోంచి గొంతు. "పన్ను పీకించుకోవాలని చెప్పి పోయిందే. పోయినసారి కూడా అదే పన్ను."

బట్టతలాయన నవ్వు ఆపుకుంటూ, పనెలా చేస్తుందని అడిగాడు.

ఇక ప్రొఫెసరు అందుకున్నాడు. ఆమె చెయ్యి పడితే బతికున్న కణాలు కూడా చస్తాయన్నాడు. ముట్టుకున్న గాజుసామాను ముక్కలేనన్నాడు. ఎవరితోనూ పడదన్నాడు, ఎండెక్కితే గానీ రాదన్నాడు. చివరికి గొంతు తగ్గించి, "మీ మంచికోరి చెబుతున్నాను, తీసుకోకండి. నా ఖర్మ, నేనే ఎలాగో భరిస్తాను" అని పెట్టేశాడు.

బట్టతలాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆదివారాలు కూడా వెళ్ళి ఆ కణాలకు తిండి మార్చి, చంటిపిల్లల్లా సాకింది డాక్టరమ్మ. సొంత కూతురికి జ్వరమొచ్చినా ఫోన్లోనే పలకరించింది. అదే కూతురిని ఒళ్ళో పెట్టుకుని మొగుడు బయట బెంచీమీద కాచుకుని ఉన్నాడు. వాళ్ళకు మొహం ఎలా చూపించాలో తెలియలేదు. బ్యాగు భుజాన వేసుకుని లేచింది.

"వస్తానండీ."

పెద్దావిడ కప్పు కింద పెట్టి, మొదటిసారి నోరు విప్పింది.

"కూర్చో అమ్మా. ఎప్పుడు చేరతావు?"

బట్టతలాయన ఉలిక్కిపడి ఆవిడ వంక చూశాడు. తనను ఆటపట్టిస్తోందనుకుంది డాక్టరమ్మ.

"ఆయన చెప్పింది విన్నారు కదండీ" అంది నీరసంగా.

"విన్నాను. నేనూ ఒకప్పుడు నీలాగే ఆయన దగ్గర చేశాను. మానేసి ఇంకోచోటికి పోబోతే, నాకు మతి చలించిందని వాళ్ళకు చెప్పాడు" అంది పెద్దావిడ. "పాపం, వాళ్ళు నమ్మేశారు. ఇంకో నాలుగేళ్ళు అక్కడే పడి ఉన్నాను."